కుడిచేతి అలవాటు

బొమ్మ హెలికాప్టర్ రెక్కలు రెండింటినీ మొదళ్ల దగ్గర కలిపి మర బిగించి, సన్నటి ఊచ మీద త్రాసుకోలలా నిలబెట్టింది ఆమె. ఎడమ రెక్క కాస్త పైకి లేచింది. గోరంత టేపు కత్తిరించి దాని కొసన అంటించింది. ఈసారి కుడిది లేచింది. టేపు ఊడదీసి, సగానికి తెంపి, మళ్లీ అంటించి చెయ్యి వదిలేసింది. రెక్కలు అటూ ఇటూ ఒకసారి ఊగి, ఆగాయి.

"నిన్ను మా మిల్లులో పెట్టుకుంటే సగం యంత్రాలు మొత్తుకోవడం మానేస్తాయి," అన్నాడు భర్త, సంచిలో బట్టలు కుక్కుకుంటూ.

అతను మిల్లులో ఫిట్టరు. ఏడాదికోసారి మిల్లు ఆపేసి యంత్రాలన్నీ విప్పుతారు. ఆ నాలుగు రోజులూ ఫిట్టర్లందరూ లోపలే తిని లోపలే పడుకోవాలి. ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి. చొక్కా మడతపెడుతుంటే అతని కుడి బొటనవేలు మిగతా వేళ్లతో కలవకుండా కర్రముక్కలా పక్కకు నిలబడి ఉంది. రెండేళ్ల కిందట ఇలాంటి రెక్కే తిరుగుతూ తిరుగుతూ వచ్చి తగిలింది. వేలు అతికింది గానీ వంగదు. ఆ రోజు రెక్కమీది రక్తం కడిగింది ఆమే. ఆ తర్వాత అతను ఎగరేయడం మానేశాడు, ఆమె గ్రౌండుకు వెళ్లడం మానేసింది. కూతురు మాత్రం మానలేదు. తండ్రి వెనక నిలబడి చెప్తుంటే, ముందు నిలబడి తను ఎగరేసింది.

"ఆ రిమోటేదో మీరొచ్చాక కొంటే కాదా?" అంది ఆమె.

"రిమోట్ అంటే టీవీది. దీన్ని ట్రాన్స్‌మిటర్ అంటారని నేనూ చెప్తూనే ఉన్నా, నువ్వూ వింటూనే ఉన్నావు." నవ్వాడు. "ఆదివారం పొద్దున్నే పిల్లల జట్టుకు సెలక్షన్లు. నేనొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పాతదాంట్లో బొటనవేలితో జరిపే స్టిక్కు లోపల అరిగిపోయింది. గాల్లో ఉన్న హెలికాప్టర్ ఎక్కిళ్లొచ్చినట్టు ఎగిరెగిరి పడుతోంది. అది పట్టుకుని గ్రౌండులో అడుగుపెట్టొద్దన్నాడు జట్టు మాస్టారు."

"నాకేం తెలుసని నన్ను పంపుతారు?"

"నీకు తెలియనిదేముంది? స్టిక్కు పైకీ కిందికీ వెన్నలా జరగాలి. విమానాల వాళ్లది పళ్లమీద నడిచినట్టు టిక్కుటిక్కుమంటుంది, అది మనకొద్దు. మరీ బరువుండకూడదు, బుడ్డిదాని మెడ లాగేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎత్తు కుడిచేతికి ఉండాలి. హెలికాప్టర్‌ని పైకి లేపే స్టిక్కు కుడివైపు. మా కొలీగు నేర్పింది నాకలాగే, నేను దానికి నేర్పిందీ అలాగే. చాలామందికి ఎడమచేతికుంటుంది. కొట్టువాడు ముందు అదే ఇస్తాడు. నువ్వు అడిగి మార్పించు."

"ఎటున్నా ఓ నాలుగు రోజులు తిప్పితే అలవాటు కాదూ?"

"నిద్రలో దోమ కుడితే ఏ చేత్తో కొట్టాలా అని ఆలోచిస్తావా? గాల్లో కంగారు పుట్టినప్పుడూ అంతే. అలవాటున్న చెయ్యే లేస్తుంది."

బుడ్డి అప్పుడే లోపలికొచ్చింది. పదమూడేళ్లు నిండినా ఇంట్లో అందరికీ బుడ్డే. పిల్లల జట్టులో చేరడానికి దానికి ఇదే ఆఖరి ఏడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. అమ్మ అంటించిన టేపును వేలికొసతో తడిమి చూసి, "దీన్ని చూస్తే మాస్టారు మళ్లీ అడుగుతారు, మీ ఇంట్లో బంగారం కొట్టుందా అని," అంది. ఆమెకు నవ్వు రాలేదు.

* * *

కొట్టు ఒక రంగుల షాపు పైన ఉంది. మెట్లన్నీ ఎండిన రంగు చుక్కలు. పైకప్పు నుంచి విమానాలు తాళ్లతో వేలాడుతున్నాయి. ఎంత వంగి నడిచినా ఏదో ఒక తోక జుట్టుకు తగులుతూనే ఉంది.

కొట్టాయన కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని, మూడు ట్రాన్స్‌మిటర్లు బల్లమీద వరసగా పెట్టాడు. ఆమె మొదటిదాన్ని తీసుకుని స్టిక్కు జరిపింది. టిక్కు టిక్కుమంది.

"ఇది విమానాలకండీ," అని పక్కన పెట్టేసింది.

"అబ్బో, తెలిసిన చెయ్యే," అన్నాడాయన. "ఏదో కొత్తవారు కదా అని పాఠం చెబుదామనుకున్నాను. నా నోటికి పని లేకుండా చేశారు."

రెండోదాన్ని తాడుతో మెడకు తగిలించుకుని కాసేపు నిలబడింది. మెడ వెనక నరం లాగింది. బుడ్డి సన్నటి మెడ గుర్తొచ్చింది. తీసేసింది. మూడోది చేతుల్లో ఒదిగింది. పక్కలకు మెత్తటి రబ్బరుంది. స్టిక్కు కొసలు పిల్లవేళ్లకు అందేలా తిప్పి పొట్టిగా చేసుకోవచ్చు. తను రోజంతా కర్టెన్ల అంచులు కుట్టే మిషను చక్రమంత నున్నగా జరుగుతోంది స్టిక్కు. బాగుంది. అంత బాగున్నందుకు ఆమెకు దిగులేసింది.

"సెలక్షన్లకా?" అడిగాడాయన. "మీ పాపెవరో నాకు తెలుసు. గాలి ఉన్న రోజున కూడా బల్లమీద గ్లాసు పెట్టినట్టు దింపుతుంది. ఇదిగో చూడండి, పోయినేడు జట్టు పిల్లలు చేసింది." ఫోను ఆమె ముందు పెట్టాడు. ఒక హెలికాప్టర్ తలకిందులుగా తిరగబడి, గడ్డి కొసల్ని రెక్కలతో దువ్వుతూ పోతోంది. దానికి కాస్త దూరంలో ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడు. రెక్కల చప్పుడు ఫోనులోంచి కందిరీగల గుంపులా వస్తోంది. "పాప జట్టులో చేరిందంటే ఇవన్నీ చేస్తుంది. మీరు కళ్లారా చూస్తారు."

ఆమె ఫోనును వెనక్కి జరిపింది.

"ఇంతకీ ఎత్తు ఏ చేతికమ్మా? ఇప్పుడిది ఎడమకుంది. కుడికి కావాలంటే చెప్పండి. వెనక మూత విప్పి స్ప్రింగు అటుది ఇటు మార్చడమే. మీరు కాసిని మంచినీళ్లు తాగేలోపు అయిపోతుంది."

ఆమెకు తెలుసు. మెట్లెక్కుతూ కూడా మనసులో అదే అనుకుంటూ వచ్చింది. కుడి, కుడి, కుడి.

"ఎడమకే," అంది.

"ఖాయమే కదా? అలవాటు లేని చేతికిస్తే మొండి ఎద్దును బండికి కట్టినట్టుంటుంది."

"ఖాయమేనండీ."

బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏమవుతుంది? చెయ్యి తిరగదు. పైకి లేపలేదు. లేపలేకపోతే కిందనే ఉంటుంది. కిందున్నదానికి దెబ్బేం తగులుతుంది? ఒక్క ఆదివారం గడిచిపోతే చాలు. పిల్ల నాలుగు రోజులు ఏడుస్తుంది. ఆ తర్వాత పుస్తకాల్లో పడుతుంది. తను చదువుకోలేకపోయింది, అదైనా చదువుకుంటుంది. ఇలా ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చింది, సంచిలో కూరగాయలు సర్దినట్టు. ఇల్లు చేరేసరికి అది తను చేసిన పనిలా కాక, దానంతటది జరిగినదానిలా అనిపించింది.

బుడ్డి పెట్టె విప్పి, దాని రబ్బరు పక్కలను చెంపకు ఆనించుకుంది. తర్వాత రెండు బొటనవేళ్లూ స్టిక్కుల మీద పెట్టింది. కుడిది పైకి నెట్టి వదిలింది. స్టిక్కు స్ప్రింగుతో టప్పున మధ్యకు తిరిగొచ్చేసింది. ఎడమది నెట్టింది. అది నెట్టిన చోటే ఉండిపోయింది. పిల్ల కాసేపు ఆ రెండింటినీ చూసింది.

"అమ్మా, కొట్టాయన నిన్నేమైనా అడిగాడా?"

"ఏమడుగుతాడు? చూసి మంచిది ఇచ్చాడు," అంది ఆమె మిషను మీద కర్టెను గుడ్డ సర్దుకుంటూ. సూది కిందికి దిగింది. కుట్టు వంకరపోయింది.

* * *

శనివారం మధ్యాహ్నం బుడ్డి స్నేహితురాలింటికని బడిసంచి తగిలించుకుని వెళ్లింది. సాయంత్రానికి తిరిగొచ్చింది. ముఖం కడుక్కుంది. అడగకుండానే ఆరిన బట్టలు తెచ్చి మడతపెట్టింది. పిల్ల చెప్పకుండా పని చేస్తే తల్లులకు ముందు భయమే వేస్తుంది.

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదమ్మా."

హెలికాప్టర్ రెక్కలు ఊడదీసి దాన్ని చాప మీద నిలబెట్టింది. ట్రాన్స్‌మిటర్ మెడకు తగిలించుకుని ఎదురుగా కూర్చుంది. రెక్కలు లేని బొమ్మ మోటారు ఒక్కటే గిర్రుమంటోంది. పిల్ల పెదవులు కదుపుతూ తనకు తనే చెప్పుకుంటోంది, "పైకి... ఎడమ. కిందికి... ఎడమ." ఎడమ బొటనవేలు మెల్లగా లేచేది. అంతకు రెప్పపాటు ముందు కుడిది కూడా లేవబోయి, తప్పు చేసినట్టు ఆగిపోయేది.

ఆమె వంటగదిలోంచి చూస్తోంది. ఇప్పుడు చెప్పేస్తే? ముందు కత్తిపీట, చేతిలో తరగాల్సిన ఉల్లిపాయ. ఉల్లిపాయ తరిగింది. ఇంకొకటి తరిగింది. అవసరం లేని మూడోది కూడా తరిగింది.

"అమ్మా, రేపు నువ్వు కూడా రావా?" అంది బుడ్డి గిర్రుమనే చప్పుడు మధ్యలోంచి.

రెండేళ్లలో పిల్ల ఆ మాట అడగడం అదే మొదలు. ఆమె కాదనలేకపోయింది.

* * *

గ్రౌండు ఊరి చివర, ఇటుకబట్టీలు దాటాక. గడ్డిలో సున్నంతో గీతలు గీశారు. పిల్లలు ఎగరేసే చోటికీ, పెద్దలు నిలబడే చోటికీ మధ్య వల కట్టారు. మడతబల్లల మీద హెలికాప్టర్లు, బ్యాటరీలు, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు. మాస్టారు ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా దిగే స్టాపు దాటిపోతుందన్నంత గట్టిగా మాట్లాడతాడు.

"తల్లులూ తండ్రులూ, పిల్లలు ఎగరేస్తున్నప్పుడు మీరు ఊపిరి బిగపట్టొద్దు. పోయినేడు ఒకాయన కళ్లు తిరిగి పడ్డాడు. ఆయన కొడుకు శుభ్రంగా గెలిచాడు."

అందరూ నవ్వారు. ఆమె పక్కనే నిలబడ్డ మందులషాపు ఆవిడ, "మావాడు రాత్రంతా పడుకోలేదండీ. మీ పాపకేం లెండి, అది పుట్టడమే గాల్లో పుట్టింది," అంది. ఆమె తలూపింది.

"మొదలుపెట్టే ముందు ఒక్క మాట," అన్నాడు మాస్టారు పిల్లలతో. "ఎవరి ట్రాన్స్‌మిటర్లోనైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి. నా దగ్గర పనిముట్లున్నాయి, ఓపికుంది. గాల్లోకి లేచాక మాత్రం నన్ను పిలవొద్దు."

బుడ్డి వెనక్కి తిరిగి వలలోంచి అమ్మను చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. ఆమె చేతిసంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. పిల్ల ముందుకు తిరిగింది.

దాని వంతు వచ్చింది. హెలికాప్టర్ కాసేపు గడ్డిలోనే వణికి, మెల్లగా లేచింది. మోకాలంత, నడుమంత, తలకు పైన. అక్కడ ఆగింది. ఆమె వల వెంట పక్కకు జరిగి పిల్ల ముఖాన్ని చూసింది. అది అలా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. కనుబొమలు వదులుగా ఉన్నాయి. పెదవులు కొంచెం విడి ఉన్నాయి. నిద్రపోతున్నప్పుడు కూడా ఆ ముఖంలో అంత నిమ్మళం ఉండదు. చేతులు మాత్రం ఒక్కో కదలికనూ తూచి తూచి వేస్తున్నాయి, చీకట్లో మెట్లు దిగుతున్నట్టు.

లేపగలిగింది. కిందే ఉండిపోతుందనుకుంది తను.

అప్పుడు ఇటుకబట్టీల వైపు నుంచి గాలి విసురుగా వచ్చింది. హెలికాప్టర్ గభాలున పైకి పోయింది. దించాలి. పిల్ల ఆలోచించే వ్యవధి లేదు. కుడి బొటనవేలు కిందికి లాగింది. పాతదైతే బొమ్మ కిందికి దిగేది. ఇందులో ఆ స్టిక్కు ముక్కును ఎత్తేది; బొమ్మ ముక్కు ఆకాశానికెత్తి, వెనక్కి, సరిగ్గా పిల్ల మీదకే రావడం మొదలుపెట్టింది. పిల్ల ఇంకా లాగింది. అది ఇంకా వేగంగా వచ్చింది. రెక్కలు కనిపించడం లేదు. గాల్లో ఒక బూడిదరంగు పళ్లెం మాత్రం వస్తోంది. మాస్టారు ఏదో అరిచాడు. ఆమె వలను రెండు చేతులా పట్టుకుంది. అరిచిందో లేదో తనకే తెలియదు.

బుడ్డి పక్కకు దూకలేదు. వేలితో మోటారు ఆపే స్విచ్చు నొక్కింది. చప్పుడు ఆగిపోయింది. హెలికాప్టర్ పిల్ల ముందు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నేలకు కొట్టుకుంది. ఒక రెక్క విరిగి పిల్ల చెవి పక్క నుంచి పోయి వలకు తగిలి పడింది. టేపు అంటించిన ముక్క ఆమె కాళ్ల దగ్గరే ఉంది.

మాస్టారు పరుగున వచ్చాడు. ముందు పిల్లను తల నుంచి పాదాల దాకా చూశాడు. తర్వాత ట్రాన్స్‌మిటర్ తీసుకుని స్టిక్కులు కదిపాడు. ముఖం మారిపోయింది.

"ఇది ఎడమకుంది. నువ్వు కుడిచేతిదానివి కదా. ఎవరు మార్చారు?"

బుడ్డి వలవైపు చూడలేదు.

"కొత్తది మాస్టారూ. నేనే సరిగ్గా చూసుకోలేదు."

"చూసుకోలేదా? చేతిలో ఏముందో చూసుకోకుండా గాల్లోకి ఎక్కించావా? నువ్వేమైనా నిన్న మొన్న నేర్చుకున్నావా? వీళ్లందరికీ నిన్ను చూపించి ఇదిగో ఇలా ఉండాలని చెప్పేవాణ్ణి. ఆ రెక్క పక్కవాడి కంటికి తగిలుంటే నేనెవరికి జవాబు చెప్పాలి?" ఆయన గొంతు తగ్గింది. తిట్టినప్పటికన్నా అదే ఎక్కువ నొప్పిగా ఉంది. "పోమ్మా. పోయి కూర్చో. నీ పేరు రాయలేను."

పిల్లలూ పెద్దలూ అందరూ విన్నారు. మందులషాపు ఆవిడ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పిల్లలన్నాక పొరపాట్లు చేస్తారు లెండి," అంది. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. వలకు ఇటువైపు నుంచి కూడా వినబడేది. ఆమె వంగి, వల కిందనుంచి విరిగిన రెక్కముక్క ఏరుకుని సంచిలో వేసుకుంది.

* * *

భర్త వచ్చేసరికి ఎండ వాలింది. చేతుల గ్రీజు కూడా సరిగ్గా కడుక్కోకుండా పిల్ల పక్కన కూర్చున్నాడు. సంగతంతా బుడ్డే చెప్పింది, ఎవరో పొరుగు పిల్ల గురించి చెప్తున్నట్టు. ఆమె గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే తోముతోంది.

అతను ట్రాన్స్‌మిటర్ వెనక మూత విప్పి చూశాడు.

"నీకు చెప్పి వెళ్లాను కదా, ఎత్తు కుడికని?" అన్నాడు ఆమెతో.

ఆమె కుళాయి ఇంకాస్త తిప్పింది. జవాబు అతనే వెతుక్కున్నాడు.

"నువ్వు చెప్పే ఉంటావు. వాడే మార్చకుండా అంటగట్టుంటాడు. నీకేం తెలుస్తుందిలే అనుకున్నాడు. రేపు పొద్దున్నే వెళ్లి వాడి కొట్టు ముందు నిలబడి అడుగుతా. పిల్ల ముఖం మీదకొచ్చింది ఆ రెక్క. ఊరుకుంటానా? పద్ధతిగల మనిషనుకున్నా ఇన్నాళ్లూ. నలుగుర్నీ పిలిచి మరీ అడుగుతా."

ఆమె కుళాయి కట్టేసింది. ఇప్పుడైనా చెప్పాలి. ఏ పాపం ఎరగని మనిషి రేపు నలుగురిలో మాట పడతాడు. తడిచేతులతోనే గుమ్మం దాకా వచ్చింది.

"ఆయన్నేం అనకు నాన్నా," అంది బుడ్డి. "ఆయన అడిగాడు. రెండుసార్లు అడిగాడట. అమ్మే ఎడమకన్నదట."

స్క్రూడ్రైవర్ పట్టుకునే అతను పిల్లవైపు తిరిగాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఆయనే. నిన్న మార్పించుకుందామని తీసుకెళ్లాను. ఇచ్చింది తప్పేమో అనుకుని వెళ్లా." పిల్ల తన కాలి బొటనవేలితో చాప అంచును నొక్కుతోంది. "విప్పబోయాడు కూడా. నేనే వద్దన్నా."

"వద్దన్నావా? ఎందుకే?"

"అమ్మకు తెలుసు కదా నాన్నా, ఏది నాదో. తెలిసి అలా అడిగి తెచ్చిందంటే, నేను ఎగరేయడం అమ్మకిష్టం లేదన్నమాట. నేను మార్పించేస్తే..." అక్కడ ఆగి, మాట కోసం వెతుక్కుంది. "ఎడమచేత్తో వస్తే ఎగరేద్దాం, రాకపోతే మానేద్దాం అనుకున్నా. ఈలోపు అమ్మ తనే చెప్తుందేమో అని కూడా చూశా."

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. భార్యవైపు చూశాడు. అందులో కోపం ఉంటే ఆమె భరించేది. అతను తన కుడిచేతిని చూసుకుని, దాన్ని మెల్లగా ఒళ్లోకి, కనబడకుండా తీసుకున్నాడు.

"చెప్తే మానేసేదాన్నే కదమ్మా," అంది బుడ్డి. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే అడుగుతోంది. "నాతో ఎందుకు చెప్పలేదు?"

ఆమె గుమ్మం దగ్గరే కూలబడింది. ఏమి చెప్పినా అది సాకే అవుతుంది. భయమేసిందనాలి. ఆ భయం కోసం పిల్లను తీసుకెళ్లి రెక్క ఎదుట నిలబెట్టింది తనే. ఏడుపు చప్పుడు లేకుండా వచ్చింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

బుడ్డి లేచి వచ్చి పక్కన కూర్చుంది. తల్లి తడిచేతిని తీసుకుని తన గౌనుకు తుడిచింది, ఒక్కో వేలూ.

"ఊరుకో అమ్మా. పోతే పోయిందిలే. నాకూ అక్కడ నిలబడ్డప్పుడల్లా భయంగానే ఉండేది."

ఆమె తలెత్తి పిల్ల ముఖం చూసింది. పొద్దున వలలోంచి చూసిన ముఖం ఇంకా కళ్లముందే ఉంది. భయమన్నది దాని దరిదాపుల్లో లేదు. పొద్దున మాస్టారితో ఒక అబద్ధం, ఇప్పుడు తనతో ఒకటి. రెండూ తనకోసమే ఆడింది. ఎంత నిదానంగా, ఎంత తడుముకోకుండా ఆడింది.

"అవునా?" అంది ఆమె.

"అవునమ్మా," అంది పిల్ల.